సుగ్గి పుస్తకం

ఆ రోజు గొడవ నాలుగు కాగితాల కోసం మొదలైంది.

రాజ్యలక్ష్మమ్మ మామిడికాయ ఊరగాయ జాడీలకు వాసెన కడుతోంది. జాడీ మూతి మీద ముందు కాగితం పరచాలి, దాని మీద తెల్లగుడ్డ వేయాలి, ఆపైన దారం బిగించాలి. ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా అదే పద్ధతి. కోడలు పద్మప్రియ కాగితం వెతికి తెచ్చేలోగా ఆమె చేతికందిన పుస్తకంలోంచి నాలుగు కాగితాలు పర్రున చింపేసింది.

“అత్తమ్మా, అది సుగ్గి పుస్తకం.”

“అయితే ఏమాయ? గట్టి కాగితం. పేపరు పెడితే ఆ నల్లరంగంతా ఊరగాయకు దిగుతాది.”

“దాంట్లో జనాల పేర్లుండాయి.”

“పేర్లు యాడికీ పోవులే. జాడీ మీద భద్రంగా ఉంటాయి. అయినా మీ మామ కార్తీకంలోనే దాన్ని ఆదోనికి తీసకపోయి జిరాక్సు తీయించుకొచ్చినాడు. జిరాక్సు ఉన్నాక ఇంగ అసలుదెందుకు? నీకంత ముద్దయితే నీ పెట్టెలో దాచుకో, పో.”

పద్మప్రియ పుస్తకం తీసుకుపోయి తన పెట్టెలో చీరల కింద పెట్టుకుంది. చింపిన కాగితాలు అడగలేదు. అప్పటికే నాలుగు జాడీలకూ వాసెన కట్టడం అయిపోయింది. కట్టింది విప్పితే ఊరగాయ బూజు పడుతుందని అత్తమ్మ నమ్మకం. జిరాక్సు మాట చెవిన పడింది గానీ ఎందుకని అడగలేదు. ఆ జిరాక్సు ఎంతమందికి చేటయిందో ఆమెకు వారం తర్వాత గానీ తెలియలేదు.

మంత్రాలయం పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది ఎర్రదొడ్డి. ఒక్క వానకారు పంట తప్ప ఇంకేమీ పండని నేల. దసరా దాటగానే కాలనీలోని కూలి జనమంతా ఇళ్ళకు తాళాలేసి, పిల్లల్నీ వంట బోకుల్నీ లారీలకెత్తుకుని, పత్తి తీయడానికీ మిరపకాయలు కోయడానికీ గుంటూరు వైపు పోతారు. దాన్నే సుగ్గి అంటారు. ఉగాదికి మళ్ళీ వస్తారు. పోయేటప్పుడు ఇంటి తాళంచెవిని పద్మప్రియ మామ రామకోటయ్య అంగడిలో ఇచ్చి పోవడం తాతల నాటి అలవాటు. చుట్టాలకిద్దామంటే చుట్టాలూ అదే లారీలో ఉంటారు. అంగడి మాత్రం యాడికీ పోదు. అందుకని రామకోటయ్య ఇంటి నడిమింట్లో గోడ పొడుగునా మూడు వరసల మేకులు.

ఎనిమిదేళ్ళ కింద పద్మప్రియ నందికొట్కూరు నుంచి బీకాం చదువుతో ఆ ఇంటికి కోడలై వచ్చేనాటికి ఆ తాళంచెవులకు రంగుదారాలే గుర్తు. ఆ ఉగాదికి ఈరక్క తాళంచెవి ఇంకెవరికో పోయి, ఈరక్క బిడ్డతో పొద్దుగూకే దాకా తన ఇంటి ముందే కూర్చోవాల్సి వచ్చింది. అది చూసి పద్మప్రియ ఒక పెద్ద నోటుపుస్తకం తీసి గీతలు కొట్టింది. ఎడమ పేజీలో ఇంట్లోంచి పోయే పెద్దవాళ్ళందరి పేర్లు, ఇంటి నంబరు, పోయిన తేదీ. కుడి పేజీలో వచ్చిన తేదీ, తాళంచెవి తీసుకునేటప్పుడు వాళ్ళందరి వేలిముద్రలో సంతకాలో. ఎనిమిదేళ్ళలో ఒక్క తాళంచెవి తారుమారు కాలేదు. ఆ ఇంట్లో పూర్తిగా తనదంటూ ఆమెకున్నది ఆ పుస్తకమొక్కటే.

జాడీల గొడవ జరిగిన పూటే ఎదురుగా పంచాయతీ ఆఫీసు గోడకు ఓటర్ల జాబితా అతికించారు.

పద్మప్రియ అంగడి పక్కవాకిట్లోంచి చూసింది. కాలనీ ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. ఈరక్క కూతురు ఏసుమణి, ఆదోనిలో డిగ్రీ చదువుతోంది, పేర్లు పైకి చదువుతోంది. రెడ్ల వీధి అయిపోయింది. కోమట్ల వీధి అయిపోయింది. పద్మప్రియ పేరు కూడా వినబడింది. కాలనీ దగ్గరికి వచ్చేసరికి ఏసుమణి గొంతు తడబడింది.

“ఏమాయమే? సదువు” అంది ఈరక్క.

“లేవుమా.”

“ఏం లేవు?”

“మన పేర్లు లేవు. నీది లేదు, నాది లేదు. ఉరుకుందప్ప మామది లేదు. ముప్పై మూడు నంబరు ఇల్లు నుంచి ఒగటీ లేదు.”

లెక్క పెట్టారు. నూట అరవై మూడు పేర్లు లేవు. సచివాలయం నుంచి వచ్చిన కుర్ర ఉద్యోగి తలెత్తకుండా చెప్పాడు. “మీరు ఊరు విడిచి పోయినారని ఫారం ఏడు ఇచ్చినారు. విచారించి తీసేసినాం. నోటీసులు కూడా ఇళ్ళకు అతికించినాం.”

“ఎప్పుడు అతికించినారప్పా?”

“సంక్రాంతి ముందర.”

“సంక్రాంతి ముందర మేం మిరపచేలో ఉండాం. తాళమేసిన తలుపుకు ఉత్తరం రాసి, తలుపు జవాబు ఇయ్యలేదని పేరు కొట్టేసినారా?” అన్నాడు ఉరుకుందప్ప. ఈరక్కకు అన్న, అరవై దాటిన మనిషి. “నా తలుపుది మేక తినింది. సంతకం కూడా దాంతోనే పెట్టించుకున్నారేమో చూడు సామీ.”

నవ్వారు. ఆ నవ్వులో చాలామందికి ఏడుపు కలిసింది. ఎందుకంటే ఈసారి సర్పంచి పదవి ఆడవాళ్ళకు వచ్చింది. కాలనీ కుళాయికి నాలుగు రోజులకొకసారి నీళ్ళొస్తాయి. మాజీ సర్పంచి శ్రీనివాసులు తోటకు మాత్రం అదే పైపులోంచి రోజూ వస్తాయి. మొన్న ఉగాదికి కాలనీ జనమంతా కూర్చుని ఈరక్కను నిలబెడతామని అనుకున్నారు. కాలనీ ఓట్లు ఒక్కటైతే చాలు, ఈరక్క గెలుస్తుంది. ఆ మాట తెల్లవారేసరికి శ్రీనివాసులు చెవిన పడింది. కానీ పేర్లు అంతకుముందే పోయాయి. ఆ కాంట్రాక్టరు, తన కోడలిని నిలబెట్టబోతున్నవాడు, కాలనీ జనం ఆలోచించకముందే ఆలోచించి పెట్టుకున్నాడు.

పేర్లు చేర్చుకోవడానికి గడువు ఎనిమిది రోజులు. ఆ తర్వాత చేరినా ఈ పంచాయతీకి పనికిరాదు. పేరు లేనిది ఈరక్క నామినేషన్ కూడా వేయడానికి లేదు.

ఆ సాయంత్రం కాలనీ కుళాయి దగ్గర ఏసుమణి ఒక బిందె బోర్లించి దాని మీద కూర్చుని చెప్పిందట. ఫారం ఆరు పేరు చేర్చుకోవడానికి, ఏడు తీసేయడానికి, ఎనిమిది తప్పులు దిద్దుకోవడానికి. పద్దెనిమిదేళ్ళు నిండి, ఈ ఊర్లో కాపురముంటే చాలు, చేర్చుకోవాల్సిందే. అది ఎవరో పెట్టే భిక్ష కాదు. “మన పేరు తీసేదానికి మన ఊరోళ్ళే ముగ్గురు ఫారం ఏడు మీద సంతకాలు పెట్టినారు. మన పేరు మళ్ళా రాయించేదానికి మనం నూట అరవై మూడు మందిమీ పెట్టల్ల. ఒక్కరు తగ్గినా కుదరదు.”

అలా మొదలైంది. రాయడం వచ్చినవాళ్ళు నలుగురే. ఫోటోలకు మంత్రాలయం పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. అందుకని ఏసుమణి తెల్లదుప్పటి గోడకు కట్టి ఫోనుతోనే ఫోటోలు తీసింది. ముసలివాళ్ళు ఫోటోకు నిలబడి ఊపిరి బిగబట్టారు. గుంటూరు నుంచి ఇంకా రాని పదకొండు ఇళ్ళవాళ్ళకు ఫోన్లు చేశారు. వాళ్ళు కోత మధ్యలో వదిలి రైలెక్కారు. రెండో రోజు మధ్యాహ్నం ఏసుమణి అంగడి పక్కవాకిలికి వచ్చింది.

“అక్కా, నీ చేతిరాత బాగుంటాది. ఒక ఇరవై ఫారాలు రాసియ్యవా?”

పద్మప్రియ మామయ్య నిద్రపోయే వేళ చూసి రాసింది. నాలుగు రోజుల్లో అరవై రెండు రాసింది. ఇంటి నంబర్లు పుస్తకం చూడకుండానే చెప్పగలిగింది. ఎనిమిదేళ్ళు తాళంచెవులకు చీటీలు కట్టిన చెయ్యి అది. రాస్తున్నంతసేపూ తను మంచి పని చేస్తున్నానన్న తృప్తి ఆమెకు ఉండింది. తర్వాత ఆ తృప్తిని తలచుకుని ఆమె సిగ్గుపడింది.

ఏడో రోజు పొద్దున పదింటికి విచారణ. మండలం నుంచి అధికారి వచ్చి బడి వరండాలో బల్ల వేయించుకున్నాడు. పక్కన కుర్చీలో శ్రీనివాసులు. కొంచెం వెనగ్గా రామకోటయ్య, భుజాన కండువాతో, కళ్ళు నేల మీద పెట్టి. గేటు దగ్గర పోలీసు జీపు. కాలనీ అంతా ఎండలో. అంగడి అరుగు మీద నిలబడితే బడి వరండాలో మాట స్పష్టంగా వినబడుతుంది. పద్మప్రియ అక్కడే నిలబడింది.

“మీరు ఆరు నెలలు ఊర్లో ఉండరు కదా. మామూలుగా ఎక్కడ నివాసం ఉంటారో అక్కడే ఓటు” అన్నాడు అధికారి.

“సారూ, మీరు ఆఫీసుకు పోతే ఇల్లు విడిచినట్టా?” అంది ఈరక్క. “మేం కూలికి పోయినాం. రోంత దూరం కూలి. అంతే.”

శ్రీనివాసులు మెత్తగా నవ్వాడు. “అదేంలేదు ఈరక్కా. ఆర్నెల్లు గుంటూరులో ఉంటారు. గుంటూరులోనే ఓటేసుకోండి, ఎవురొద్దన్నారు?”

ఉరుకుందప్ప ముందుకొచ్చాడు. “ఆడ మమ్మల్ని సీమోళ్ళంటారు. ఈడ గుంటూరోళ్ళంటాండావు. సచ్చినాక నన్ను యాడ పూడ్చల్లనో అదన్నా సెప్పప్పా, ఇప్పుడే గుంత తవ్వుకుంటా.”

అధికారి ఫైలు తెరిచాడు. “మాటలు కాదు. సాక్ష్యముంది. ఎవరెవరు ఏ తేదీన ఊరు విడిచిపోయారో ఊర్లో నమ్మకమైన అంగడివాళ్ళు రాసి ఉంచిన పుస్తకం కాపీ ఇది. తిరిగి వచ్చినట్టు ఎక్కడా లేదు.”

ఏసుమణి ఆ కాగితాలు అడిగి తీసుకుంది. చూసింది. తలెత్తి, బడి గోడ దాటి, రోడ్డు దాటి, సూటిగా అంగడి అరుగు వైపు చూసింది. పద్మప్రియకు అర్థమైంది. అంత దూరం నుంచి అక్షరాలు కనబడకపోయినా ఆ పేజీలు ఆమెకు తెలుసు. ఎడమ పేజీలు. కార్తీకంలో జిరాక్సు తీయించారు గనక అప్పటికి కుడి పేజీ ఖాళీ. ఆమె గీతలు, ఆమె అక్షరాలు, ఆమె వేసిన ఇంటి నంబర్లు. నూట అరవై మూడు మందిని ఊర్లోంచి తుడిచేయడానికి శ్రీనివాసులు ఇల్లిల్లూ తిరగనక్కర్లేకపోయింది. ఆమె పొందికగా రాసి పెట్టింది.

“ఇది సగం పుస్తకం సారూ!” అని ఏసుమణి గట్టిగా అంది. “ఇంగో సగముండాది. మేం వచ్చి వేలిముద్రలేసిన సగం. అది తెప్పించండి.”

అధికారి రామకోటయ్య వైపు తిరిగాడు. “ఉందా అయ్యా పుస్తకం?”

“లేదు సార్” అన్నాడు రామకోటయ్య. “మా ఆడోళ్ళు చింపి ఊరగాయ జాడీలకు కట్టినారు.”

శ్రీనివాసులు మనుషులు పగలబడి నవ్వారు. ఉరుకుందప్ప బల్ల దగ్గరికి పోయి జిరాక్సు కాగితాలు లాక్కున్నాడు. “ఇది మా ఇంటి బీగం నమ్మి ఇచ్చిన పుస్తకం. దీన్ని మా మెడకు కడ్తారా?” అని రెండుగా చింపేశాడు.

అంతే. అధికారి విధులకు అడ్డుతగిలాడని పోలీసులు అతన్ని ఈడ్చుకుపోయి జీపులో వేశారు. ఆ పెనుగులాటలో ముసలాయన కన్ను దగ్గర చిట్లి నెత్తురు కారింది. జీపు కదలబోయేసరికి ఈరక్క దాని ముందు కూర్చుంది. ఆమె పక్కన ఇంకొకామె. తర్వాత కాలనీ ఆడవాళ్ళంతా. ముందు, వెనక, పక్కల, మధ్యాహ్నపు ఎండకు సుర్రున కాలే మట్టి మీద. లాఠీ ఎత్తిన కానిస్టేబులుకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

“మూడు గంటలకు మళ్ళీ కూర్చుంటా” అన్నాడు అధికారి చెమట తుడుచుకుంటూ. “తిరిగి వచ్చినట్టు అసలు రుజువు ఉంటే తెండి. లేకపోతే అన్నీ తిరస్కరించి సంతకం పెట్టి పోతా. గడువు రేపటితో సరి.”

కాసేపటికి ఈరక్క, ఇంకో పదిమంది అంగడికి వచ్చారు. మిగతావాళ్ళు జీపు చుట్టూ కదలకుండా ఉన్నారు. రామకోటయ్య గల్లాపెట్టె వెనక నిలబడ్డాడు.

“పదకొండు బీగాలుండాయి నీ గోడకు” అంది ఈరక్క. “నిన్న అర్ధరాత్రి రైలు దిగినోళ్ళవి. ఇంగా తీసకపోలేదు. ఇచ్చేయి.”

“ఈరక్కా, నామీద కోపమొద్దు. అంగడోళ్ళం. కంట్రోలు బియ్యం మా చేతిలో ఉండాయంటే అది శ్రీనివాసులు దయ. పెద్దోళ్ళు అడిగితే కాదంటామా?”

“మేం చిన్నోళ్ళం గాబట్టి అడక్కుండానే తీసేసినావు. ఇంగ మా బీగాలు నీ గోడకొద్దు సామీ. పదేండ్లు ఇల్లు తెరిచిపెట్టి పోతాం. దొంగోడు కుండలు ఎత్తకపోతాడు. పేరు ఎత్తకపోడు.”

పద్మప్రియ నడిమింట్లోంచి పదకొండు తాళంచెవులూ తెచ్చి ఇచ్చింది. ఏసుమణి పేరుపేరునా చూసి తీసుకుంది. చీటీల మీదా అదే చేతిరాత. ఈరక్క ఆమె ముఖంలోకి చూసింది.

“నా ఫారం కూడా నువ్వే రాసినావంట కదమ్మా” అంది. తిట్టలేదు. “శానా బాగా రాస్తావు.”

వాళ్ళు వెళ్ళిపోయారు. పద్మప్రియ నడిమింట్లోకి పోయి గోడ ముందు నిలబడింది. మూడు వరసల మేకులు, ఒక్క తాళంచెవి లేదు. బయట ఆడవాళ్ళు గొంతులెత్తి అడుగుతున్నారు, “మా పేర్లు యాడ? మా పేర్లు యాడ?” అరుపు ఆగడం లేదు. గొంతు పోయినవాళ్ళ చోట కొత్త గొంతు అందుకుంటోంది.

ఆమె వంటింట్లోకి పోయింది. తలుపు దగ్గరగా వేసింది.

రెండు గంటలకు భోజనాలకు కూర్చున్నారు. రామకోటయ్య, భర్త ధనుంజయ, అత్తమ్మ. పద్మప్రియ వడ్డిస్తోంది. రొట్టె, వంకాయ కూర, వేరుశనగ బుడ్డల పొడి, అన్నం, పప్పు.

“ఆ అరుపులకు బువ్వ దిగడంలేదు” అంది రాజ్యలక్ష్మమ్మ.

“మూడింటి దాకానే” అన్నాడు రామకోటయ్య. “ఆ తర్వాత అన్నీ సద్దుమణుగుతాయి. అందరూ మళ్ళా ఉప్పుకూ పప్పుకూ మన అంగడికే రావల్ల. మనం అందరితోనూ మంచిగుండల్ల.”

“అందరితోనా మామయ్యా?” అంది పద్మప్రియ.

ధనుంజయ తల పైకెత్తి వద్దన్నట్టు చూశాడు. ఆమె మామిడికాయ ఊరగాయ గిన్నె తెచ్చి మామయ్య తట్టలో ఒక ముక్క వేసింది. రాజ్యలక్ష్మమ్మ చెయ్యి ఆగిపోయింది.

“ఇది కొత్త ఊరగాయ కదమ్మే? ఇంగా మూడు దినాలు విప్పకూడదు కదా. జాడీ ఎవురు విప్పినారు?”

“నేనే అత్తమ్మా. నాలుగూ విప్పినా. కాగితాలు తీసుకున్నా.”

బయట అరుపు ఒక్కసారి తగ్గి మళ్ళీ లేచింది.

“నూనె రోంత అంటింది. వేలిముద్రలు మాత్రం చెదర్లేదు. ఈ ఉగాదికి వచ్చినోళ్ళవి నూట ముప్పై. పుస్తకం నా పెట్టెలో ఉండాది. ఎనిమిదేండ్లు పోయిందీ వచ్చిందీ రెండూ దాంట్లోనే ఉండాయి.”

“ఆ పుస్తకం ఈ ఇంటిది” అన్నాడు రామకోటయ్య. అన్నం ముద్ద చేతిలోనే ఉంది. “శ్రీనివాసులుతో పెట్టుకుంటే కంట్రోలు పోతాది. అంగడి పోతాది. నువ్వు ఆ వరండా ఎక్కినావంటే మళ్ళా ఈ గడప…” ఆ మాట ఆయన పూర్తి చేయలేకపోయాడు.

“పద్మా” అన్నాడు ధనుంజయ. “మనకెందుకు? నువ్వు రాసినావని ఎవురూ అనుకోరు. మామూలు అంగడి పుస్తకం.”

“అందరికీ తెలుసు. ఈరక్క నా రాత బాగుందని కూడా చెప్పిపోయింది.”

ఆమె చెయ్యి కడుక్కుంది. తను తినడానికి తట్ట వేసుకోలేదు. ఎప్పుడూ కోడలి నడుముకు దోపి ఉండే ఇంటి తాళంచెవుల గుత్తి అక్కడ లేదని అత్తమ్మే ముందు గమనించింది. బీరువావి, గోదామువి, దేవుడి గదివి, పెళ్ళైన మూడో ఏట తనే ఆ కోడలి నడుముకు కట్టినవి.

“మూడు గంటలకు బడికాడికి నేను పోతాండా మామయ్యా” అంది పద్మప్రియ. “పుస్తకం తీసుకుని. ఇది రాసింది నేనే, సగమే చూపించినారు, మిగతా సగమిదో అని ఆ సారుకు చెప్తా. ఆయన వినకపోతే ఈరక్క పక్కన జీపు ముందర కూర్చుంటా. ఉరుకుందప్పను వదిలేదాకా, పేర్లు రాసేదాకా లేచి రాను.”

రాజ్యలక్ష్మమ్మ నడిమింటి వైపు చూసింది. ఖాళీ మేకుల వరసలో మొదటిదానికి తాళంచెవుల గుత్తి వేలాడుతోంది. దానికి దారంతో కట్టిన చీటీ. పొందికైన అక్షరాలు. పేరు, ఇంటి నంబరు, పోయిన తేదీ.

“నావి ఆ మేకుకు తగిలించినా అత్తమ్మా. తిరిగొచ్చినాక వేలిముద్ర పెట్టి తీసుకుంటా.”